ఆకుతో పోయిన అలైనర్

అమ్మా,

అన్నం వండాను, పప్పు వేడి చేసుకో. నాయనమ్మకు మధ్యాహ్నం మాత్ర ఇవ్వు. వాన వచ్చేలా ఉంది, ఆరేసిన బట్టలు తీసెయ్.

నా పై పళ్ళ అలైనర్, పైకి కనబడని ఆ ప్లాస్టిక్ తొడుగు, పోయింది. నిన్న మార్తా అత్త కూతురి పెళ్ళిలో భోజనానికి ముందు తీసి, టిష్యూలో చుట్టి అరిటాకు అంచున పెట్టాను. తినడం అయ్యాక నాయనమ్మ, "ఏటే పిల్లా, ఆకు మడవడానికి కూడా సిగ్గేటే నీకు?" అని తనే మడిచి, టిష్యూతో సహా చెత్తలో వేసేసింది. నేను చూస్తూనే ఉన్నాను. అంతమంది ముందు ఆగమనడానికి నోరు రాలేదు.

పోగొడితే ఇనుప క్లిప్పులే వేయిస్తానన్నావు. సరే. క్లాసులో అందరికీ కనబడతాయి. నిన్నటి నుంచి నాకేమీ అనిపించడం లేదు, ఏడుపు కూడా రాలేదు. పాత అలైనర్ పెట్టుకున్నాను. క్లినిక్‌కు నువ్వే ఫోన్ చెయ్, నేను మాట్లాడలేను.

నాయనమ్మకు మాత్రం చెప్పకు.

ఎస్తేరు

భోజనానికి కూర్చునే ముందు నాయనమ్మ నన్ను పక్కన నిలబెట్టుకుని ఫోటో తీయించింది. ఆమె ఫోన్‌లో ఉంది, చూడు. ఈసారి నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.