నాన్‌కివెల్ గారి వాచీలో పాము

మూంటా
1986 జూన్ 5

మోర్వెన్నాకి మామయ్య హెడ్లీ దీవెనలు. దీవెనలు ఇంతే, మిగిలిందంతా ఏడుపు.

ఆగస్టు దాటాక దుకాణం మూసేస్తున్నాను. మీ అమ్మకి చెప్పకు, వెంటనే వచ్చి నా సామాన్లు సర్దడం మొదలుపెడుతుంది. వాచీలు బాగుచేసేవాడికి కళ్ళో చేతులో పోతే ఇంకేం మిగులుతుంది? నాకు రెండూ పోయినట్టున్నాయి.

రుజువు నాన్‌కివెల్ గారి వాచీ. బేకరీ వెనక సందులో ఉంటుందావిడ, భర్త పోయి చాలాకాలమైంది. గురువారం వాచీ విప్పి, కడిగి, నూనె వేసి ఇస్తాను. గుర్రంలా పరిగెడుతుంది. మళ్ళీ గురువారానికి ఆవిడ గుమ్మంలో ఉంటుంది: "హెడ్లీ గారూ, మళ్ళీ నిలబడిపోయిందండీ." భూతద్దం కంటికి బిగించి ఎంత వెతికినా ఏమీ కనబడదు. కడిగితే మళ్ళీ నడుస్తుంది. ఇవాళా అంతే.

తిట్టినా బాగుండును. "పోనిద్దురూ, మీరూ మనిషే కదా" అంటూ ఈ జూన్ చలికి హీటరు పక్కన కూర్చుని, మాంసం, బంగాళాదుంపా కూరిన పాస్టీ తుంచి సగం నాకు పెడుతుంది. ఆ జాలే నన్ను చంపుతోంది.

మీ మామయ్య
హెడ్లీ ట్రెవారో

తా.క. పాస్టీ బాగుంటుంది. అది వేరే సంగతి.


అడిలైడ్
జూన్ 10

మామయ్యకి నమస్కారం. ఇంతకుముందు రాసిన ఉత్తరం ఉపన్యాసంలా ఉందని చింపేసి, మళ్ళీ మొదలుపెట్టాను.

దుకాణం మూయకండి. చెప్పడానికి నేనెవర్నని అనిపిస్తోంది, అయినా మూయకండి. కనబడకపోతే కనబడేలా చేసుకుందాం. మా జంతుశాస్త్ర విభాగంలో పాత మైక్రోస్కోపులు తీసేస్తున్నారు. రెండు మిగిలాయి. ఒకటి పదో ఇరవయ్యో రెట్లు పెంచి చూపిస్తుంది. రెండోది నాలుగు వందల రెట్లు. చాలాసేపు ఊగిసలాడి పెద్దదే పంపుతున్నాను. ఎక్కువ కనబడితే మంచిదే కదా? నేను "కదా" అన్నవన్నీ తరవాత కాదనే తేలాయి. ఇదీ అంతే అయితే దాచకుండా రాయండి.

మీ మేనకోడలు
మోర్వెన్నా

తా.క. అమ్మకి చెప్పలేదు. అమ్మకి తెలుసు.


మూంటా
జూన్ 23

మేనకోడలికి, పాము కాటుకి గురికాకుండా మిగిలిన మామయ్య రాసేది.

నీ యంత్రం అందింది. వాచీ కింద పెడితే అంతా చీకటి. దీపం అడుగునుంచి వెలుగుతుందట! వాచీ ఏమన్నా గాజు గ్లాసా? అద్దానికీ వాచీకీ మధ్య ట్వీజరు కాదు కదా, చీమ కూడా దూరదు. కుడికి జరిపితే బొమ్మ ఎడమకి పోతుంది.

అయినా నీ మీద కోపం లేదు, దొంగ దొరికాడు కనక. మొన్న గురువారం నాన్‌కివెల్ గారి వాచీ విప్పి, కడగడానికి ముందే ఊగే చక్రం దగ్గర ట్వీజరుతో తడిమాను. కంటికి ఆననిదేదో అంటుకొచ్చింది. గాజుపలక మీద పెట్టి నాలుగు వందల రెట్లలో చూశాను. అమ్మాయ్, పాము! ఒళ్ళంతా పొలుసులు!

నేను అరిచిన అరుపుకి హీటరు దగ్గరున్న నాన్‌కివెల్ గారు పాలిపోయింది. "పామేంటండీ? అదీ... ముట్టుకున్నవాళ్ళనేమైనా చేస్తుందా?" అంటూ వేళ్ళు చూసుకుని, వాచీ వదిలేసి వెళ్ళిపోయింది. పాస్టీ మాత్రం పట్టుకుపోయింది.

ఊరిని కాపాడాలి కదా. "వాచీల్లో పురుగు పడింది, తెచ్చి చూపించుకోండి" అని తలుపుకి బోర్డు కట్టాను. ఊరంతా తెచ్చి గుమ్మరించారు. ఇప్పుడు మూంటాలో టైమెంతో ఎవరికీ తెలీదు. శనివారం ఫుట్‌బాల్ చీకటి పడేదాకా ఆడారు, ఓడిపోతున్నవాళ్ళు గెలిచేశారు. ఆదివారం చర్చిలో ప్రసంగం ఎక్కడ ఆపాలో పాస్టరు గారికి తెలియలేదు. మేం చెప్పలేకపోయాం.

పాము బొమ్మ గీసి పంపుతున్నాను. అసలుది రెండో కవర్లో ఉంది, జాగ్రత్తగా తెరువు.

మీ మామయ్య
హెడ్లీ

తా.క. బొమ్మలో కళ్ళు నేను పెట్టినవి. కళ్ళు లేకపోతే పాము వెలితిగా ఉంది.


అడిలైడ్
జూన్ 30

మామయ్యకి, తల వంచుకుని రాస్తున్న మోర్వెన్నా నమస్కారాలు.

మీ బొమ్మ మా పురుగుల పండితుడు ప్రొఫెసర్ లిడియార్డ్ గారికి చూపించాను. కళ్ళు చూసి మురిసిపోయారు. కొత్త జాతే అన్నారు, పేరు కూడా ఆలోచిస్తున్నారు. ఆయనకే అలా అనిపించాక నాకూ అనిపించింది. ఆ తరవాత రెండో కవరు తెరిచి నేనే చూశాను.

మామయ్యా, అది గొర్రె.

ఉన్ని పోగు. అన్ని రెట్లు పెంచితే ఉన్నికి పొలుసులే కనబడతాయి. నీలం రంగేసిన ఉన్ని.

తప్పు నాది. మీకు కావలసింది పెద్దగా కనబడటం కాదు, చూస్తూ పని చెయ్యగలగటం. రెండోది పంపుతున్నాను. దీన్లో రెండు కళ్ళతో చూడొచ్చు, కుడి కుడిగానే ఉంటుంది, వెలుతురు పైనుంచి పడుతుంది, అద్దానికీ వాచీకీ మధ్య చేతులు హాయిగా పడతాయి. పది రెట్లు చాలు. పక్కనున్న మర ఇంకా తిప్పారో, ఏ వాచీలో చూసినా చెత్తే కనబడుతుంది, మనుషుల్లో లాగే. మొదట్లో చెయ్యి తడబడితే నిరాశపడకండి, రెండు చేతులూ బల్లకి ఆనించి చెయ్యండి.

ఉన్ని లోపలికెలా వెళ్ళిందో మాత్రం అంతుపట్టలేదు. వెనక మూత వదులైందేమో చూడండి.

మోర్వెన్నా

తా.క. ఉన్ని అంటే ప్రొఫెసర్ గారు నమ్మటం లేదు. "మరి కళ్ళో?" అంటున్నారు.


మూంటా
జూలై 9

మోర్వెన్నాకి, కళ్ళూ చేతులూ తిరిగొచ్చిన మామయ్య దీవెనలు.

బోర్డు పీకేశాను. ఎవరి వాచీలు వాళ్ళకిచ్చేశాను. ఓడిన జట్టు మాత్రం ఆట మళ్ళీ ఆడాలంటోంది.

నువ్వు పంపిన రెండోదాని కింద నాన్‌కివెల్ గారి వాచీ పెట్టాను. మూత వదులుగా లేదు. కానీ అంచు పొడుగునా గీతలున్నాయి. నా కత్తివి కావు, ఏదో మొద్దు కత్తివి. గాడిలో మెరుస్తున్నదేదో ఉంటే వాసన చూశాను. వెన్న.

వెన్న రాసుకునే కత్తితో మూత లేపి, చక్రం మీద ఉన్ని పోగు వేసి, మళ్ళీ నొక్కేసి, గురువారం గురువారం నా గుమ్మంలోకొచ్చే మనిషి ఈ ఊళ్ళో ఒక్కరే. అంటే నా పని ఎన్నడూ చెడలేదు! ముందు కోపం వచ్చింది. తరవాత నవ్వొచ్చింది. ఆ తరవాత భయం వేసింది. పామని అరిచి ఆవిణ్ణి తరిమేశాను. పోనీ వాచీ చక్కగా చేసిచ్చేస్తే ఏళ్ళ తరబడి నడుస్తుంది. మరి ఆవిడెందుకొస్తుంది? గురువారాలు లేని దుకాణం తెరిచి ఏం లాభం?

అందుకని నిన్న ఒక పని చేశాను, తిట్టకు. నా బూడిదరంగు ఉన్ని స్వెటరు అంచునుంచి ఒక పోగు లాగి, పది రెట్లలో చూస్తూ, ఊపిరి బిగబట్టి, చక్రం పక్కనే పెట్టాను. చెయ్యి వణకలేదు. బాగుచెయ్యడం కన్నా చెడగొట్టడం ఎంత సున్నితమైన పనో! నేనిచ్చేటప్పుడు నడవాలి, నేనొచ్చేశాక ఆగాలి. వాచీ పట్టుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టి "పాము కాదండీ, ఉత్త దుమ్మే" అన్నాను.

"అయితే ఇంక ఆగదా?" అంది, ఏమాత్రం సంతోషం లేకుండా.

దుకాణం ఉంచాలో మూయాలో రేపు గురువారం తేలిపోతుంది.

మీ మామయ్య
హెడ్లీ

తా.క. కవరు అంటించబోతుంటే తలుపు దభాలున తెరుచుకుంది. నాన్‌కివెల్ గారు! గురువారం దాకా ఆగలేదు. చేతిలో వాచీ, మొహం కందగడ్డ.

"ఏం హెడ్లీ, ఈసారి నేనేమీ పెట్టకుండానే ఎలా ఆపేశావయ్యా? నీ కళ్ళు నిజంగానే పోయాయా?"

అన్నాక ఏమన్నదో ఆవిడకే వినబడింది. నేను మూత తీసి, వాచీ మైక్రోస్కోపు కింద పెట్టి, కుర్చీ జరిపాను. వంగి చాలాసేపు చూసింది. చివరికి, తల ఎత్తకుండానే, "ఇది నాది కాదు. నాది నీలం," అంది.

ఆగస్టు మాట మరిచిపో.