ఆకుపచ్చ గేటు ఇంట్లో ఏడుస్తున్న ఆడమనిషి

మహబూబాబాద్ దగ్గరి మా తండా,
జూన్ 3

జనగామ, ప్రింటింగ్ ప్రెస్సు వెనక గల్లీ, ఆకుపచ్చ గేటు ఇంటి యజమానికి,

మీ పేరు నాకు తెలియదు. గేటు మీద రాసుకోలేదు. పేరు రాసుకోని ఇంటికి ఏదో దాచుకునే పని ఉంటుందని నా అభిప్రాయం. నా పేరు జైపాల్. మా తండా యువజన సంఘం కార్యదర్శిని. అధ్యక్షుడు కూలి పనికి హైదరాబాద్ పోయి ఏడాదైంది కాబట్టి ఆయన బాధ్యత కూడా నేనే మోస్తున్నాను.

మొన్న ‘పెళ్లిళ్లలో దుబారా ఆపండి’ అనే కరపత్రం అచ్చు వేయించడానికి జనగామ వచ్చాను. ప్రెస్సాయన అన్నానికి పోతే మీ గల్లీలో నీడకు నిలబడ్డాను. మీ ఇంటి వెంటిలేటర్‌లోంచి ఒక ఆడపిల్ల ఏడుపు వినిపించింది. అది మా లంబాడీ భాష. తెలుగులో చెప్తే, “యాడీ, నన్ను ఎవరి చేతుల్ల పెట్టినవే, నీ వాకిలి ఎట్ల మరువాలె” అని. యాడీ అంటే అమ్మ.

ఏడుపు ఠక్కున ఆగింది. అర నిమిషానికి మళ్లీ మొదలైంది. అదే మాట, అదే ఎక్కిలి. ఆగింది. మళ్లీ అదే. ఒకే ఏడుపును మూడుసార్లు తేడా లేకుండా ఏడ్చే మనిషి ఉంటుందా? ఒకే దెబ్బ మూడుసార్లు పడితే తప్ప.

తలుపు కొట్టాను. తీయలేదు. కిటికీలకు లోపలి నుంచి బొంతలు కొట్టి ఉన్నాయి. వెట్టిచాకిరీ రద్దయి ఎన్నేళ్లయిందో మీకు తెలుసా? నేను చదివాను. పది రోజుల్లో ఆ అమ్మాయిని మాకు అప్పగించండి. ముందు నోటీసు ఇవ్వడం న్యాయం కాబట్టి ఇస్తున్నాను. ఫోన్‌లో మాట్లాడితే సాక్ష్యం మిగలదు. జవాబు పోస్టులోనే పంపండి.

ఆమె విడుదలయ్యే దాకా మీ శ్రేయోభిలాషి కాని,
జైపాల్

తా.క. రిజిస్టర్డ్ పోస్టుకు పేరు కావాలని పోస్టాఫీసులో పట్టుబట్టారు. ‘శ్రీ ఆకుపచ్చ గేటు’ అని రాశాను. సంతకం అదే పేరుతో పెట్టి తీసుకోండి.


జనగామ,
జూన్ 8

శ్రీయుత జైపాల్ గారికి, ఆకుపచ్చ గేటు అనబడే ఐలేశ్ నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. నా పెట్టె కూడా క్షేమమే కాని ఎడమ పక్క కొంచెం గుర్రుమంటున్నది.

తమ ఉత్తరం చదివి పరేషాన్ అయ్యాను. ఈ ఇంట్లో నేనొక్కడినే ఉంటాను. నా భార్య వసంత కూడా లేదు. భూపాలపల్లి బస్టాండు ఎదురుగా బట్టల దుకాణం నడిపే వాళ్ల చెల్లెలింట్లో ఎనిమిది నెలలుగా ఉంటున్నది.

ముప్పై నాలుగేళ్లు భూపాలపల్లి బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్‌గా చేశాను. ఫ్యాన్ల మోత, మిషన్ల మోత తప్ప చెవులకు వేరే సంగతి తెలియదు. రిటైరయ్యాక ఒక్క శుభ్రమైన చప్పుడు వినాలని మ్యూజిక్ సర్వర్ కొన్నాను. అదొక లోహపు పెట్టె. దానికి తెర లేదు, మీటలు లేవు, స్పీకరూ లేదు. పదకొండు వేల పాటలు దాని కడుపులో ఉంటాయి. పాట అందులోంచి రెండు తీగల మీద ఇంకో పెట్టెకు పోయి, అక్కడి నుంచి స్పీకర్లకు వస్తుంది. ఖరీదు మూడు లక్షల ఎనభై వేలు. వసంతకు ముప్పై ఎనిమిది వేలని చెప్పాను.

మీరు విన్నది ఏడుపు కాదు, పాట. రెండేళ్ల కింద వరంగల్ పాత సామాన్ల దుకాణంలో పేరు లేని టేపు చుట్ట ఒకటి దొరికితే పెట్టెలోకి ఎక్కించాను. భాష నాకు రాదు. కాని అంత నిజమైన గొంతు నా దగ్గర ఇంకోటి లేదు. బాధేమిటంటే, ఆ పాటలోనే ఎడమ పక్క నుంచి సన్నగా గుర్రు వస్తున్నది. అందుకని తీగ మార్చినప్పుడల్లా అదే ముక్క పెట్టి చూస్తుంటాను. ఇప్పటికి తొమ్మిది తీగలు మార్చాను. గుర్రు పోలేదు.

బొంతలు చప్పుడు గోడలకు తగిలి చెదరకుండా కట్టినవి. తలుపు కొడితే ఆ గదిలోకి వినపడదు. ఫోన్ దగ్గరుంటే పాట మురికి అవుతుందని పక్కింటి కాటమయ్య దగ్గర పెట్టాను. కాబట్టి తమరి పోస్టు పద్ధతి నాకూ అనుకూలమే.

ఇట్లు,
ఐలేశ్

తా.క. వెంటిలేటర్ కింద నిలబడ్డప్పుడు ఆ గుర్రు మీకు వినపడిందా? తమరు నిజాయితీపరుల్లా ఉన్నారు కనుక అడుగుతున్నాను.


మా తండా,
జూన్ 13

ఐలేశ్‌కు,

‘మీరు’ అనడం ఈ ఉత్తరంతో ఆపేస్తున్నాను.

నీ ఉత్తరాన్ని మొబైల్ షాపు మంగ్యాకు చదివి వినిపించాను. వాడు నవ్వాడు. “తెర లేదు, మీట లేదు, స్పీకర్ లేదు. గంత పైసలు పెట్టి ఉత్త డబ్బ ఎవడన్న కొంటడా అన్నా? ఎనిమిది వేల ఫోన్ల లోకంల పాటలన్ని వస్తయి. అండ్ల ఇంకేదో మతలబున్నది” అన్నాడు. సాంకేతిక నిపుణుడి మాట అది.

ముప్పై నాలుగేళ్లు కరెంటు పని చేశానని నువ్వే రాశావు. తీగ మార్చినప్పుడల్లా అదే ఏడుపు వస్తుందని నువ్వే రాశావు. తొమ్మిది తీగలు మార్చానని లెక్క కూడా చెప్పావు. పక్కన గుర్రుమని కరెంటు చప్పుడు వస్తుందని ఒప్పుకున్నావు. ఇంత వివరంగా నేరం ఒప్పుకున్నవాడిని నేను చూడలేదు. పైగా పాట అంటావా? ఒక ఆడపిల్ల తల్లిని తలచుకుని ఏడిస్తే అది నీకు పాటా? కష్టజీవుల కన్నీళ్లను కుర్చీలో కూర్చుని వినే వాళ్ల గురించి కరపత్రాల్లో చదివాను. జనగామలో ఒకడుంటాడని అనుకోలేదు.

జూన్ 20న ముప్పై మందిమి వ్యానులో వస్తున్నాం. నీ గేటు ముందు ధర్నా. మా అవ్వ సక్రి, అంటే మా నాయనమ్మ, ముందు నడుస్తుంది. ఆడపిల్లను ఇంటికి తోలుకొచ్చేటప్పుడు ఒక పెద్దామె తోడుండాలని తనే బయల్దేరింది. అరవై నాలుగేళ్లు. నీకంటే గట్టిగా ఉంటుంది.

పోరాటంలో,
జైపాల్

తా.క. 1. నీ ఉత్తరం నకలు నీ భార్యకు పంపాను. బాధిత మహిళలందరూ ఒక్కటి కావాలి.

తా.క. 2. గుర్రు వినపడింది. నిజం దాచడం నా సిద్ధాంతం కాదు.


జనగామ,
జూన్ 17

తమ్మీ జైపాల్‌కు, నీకంటే నలభై ఏళ్లు పెద్దవాడైన ఐలేశ్ దీవించి రాయునది.

నిన్న కాటమయ్య ఫోన్ పట్టుకుని గేటు కాడికి వచ్చాడు. “ఐలేశన్నా, వదిన మాట్లాడుతదట. గొంతు మంచిగ లేదు, జర పైలం” అన్నాడు. వసంత మొదట అడిగింది ఒక్కటే, “మూడు లక్షల ఎనభై వేలా?” అని. చాలాసేపు ఆ ఒక్కటే అడిగింది. తర్వాత ఆడమనిషి సంగతికి వచ్చింది. “మిక్సీ పెట్టద్దంటివి, ఫ్యాన్ ఎయ్యద్దంటివి, దగ్గొస్తే బయటికి పొమ్మంటివి. నేనైతే పారిపోయి వచ్చిన. పాపం గా పిల్ల రెండేండ్ల సంది ఎట్ల ఉంటున్నదయ్యా గా డబ్బ కాడ?” అన్నది. తను కూడా ఇరవయ్యో తారీఖున వస్తున్నది. ధర్నాలో ఏ పక్క కూర్చుంటుందో నేను అడగలేదు.

తమ్మీ, ఇప్పుడొక మాట. ఆ అమ్మాయి ఏమంటున్నదో నీ మొదటి ఉత్తరం చూసే దాకా నాకు తెలియదు. ‘నన్ను ఎవరి చేతుల్ల పెట్టినవే’ అంటున్నదని తెలిసిన కాడి నుంచి పెట్టె ముట్టలేదు. అది నిజంగా ఏడుపే అయితే? ఎవరో ఏడిపిస్తుంటే ఇంకెవరో పక్కన టేపు తిప్పారా? నేను రెండేళ్లు గొంతు ఎంత బాగుందని వింటూ కూర్చున్నానా? ఇది నాకు కరెంటు షాకు కంటే ఎక్కువ తగిలింది.

కాబట్టి తప్పక రండి. కాని గదిలోకి ఒక్కరినే పంపు. ముప్పై మంది వస్తే మీ బట్టలు చప్పుడును తాగేస్తాయి. ధర్నా పదింటికి మొదలుపెట్టండి. పెట్టెను ఏడింటికే ఆన్ చేసి వేడెక్కనిస్తాను. పదింటికంటే ముందు వస్తే గొంతు పలచగా ఉంటుంది.

ఇట్లు,
మీ రాక కోసం చూసే ఐలేశ్

తా.క. గుర్రు నీకూ వినపడినందుకు చాలా సంతోషం. వసంత అది నా చెవుల రోగమంటుండేది. నీ ఉత్తరంలో ఆ వాక్యం కింద గీత గీసి గోడకు అంటించాను.


మా తండా,
జూన్ 24

ఐలేశ్‌కు,

మా అవ్వకు ఏం చేశావు?

పదింటి నుంచి మేం నినాదాలిచ్చాం. నువ్వు గేటు తీసి అందరికీ మంచినీళ్లిచ్చావు. ఇది ఉద్యమాలను చల్లార్చే పాత ఎత్తుగడ అని నాకు తెలుసు, కాని ఎండకు తాగాం. లోపలికి నేను రాబోతే అవ్వే అడ్డుకున్నది. “ఆడపిల్ల ఏడుపు కాడ నీకేం పనిరా, గీడనే ఉండు” అన్నది. తను, నీ భార్య లోపలికి పోయారు.

ముప్పావు గంట. నేను వెంటిలేటర్ కిందనే ఉన్నాను. మొదట ఆ అమ్మాయి ఒక్కతే ఏడ్చింది. తర్వాత ఇద్దరు ఏడ్చారు. రెండో గొంతు మా అవ్వది. తలుపు బాదాను. ఇంకాసేపటికి లోపల ముగ్గురు నవ్వడం వినిపించింది. ఏడుపు, నవ్వు ఒకే గదిలో. దీని గురించి ఏ పుస్తకంలోనూ లేదు.

అవ్వ కండ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చి, “ఇంటికి పాండి. లోపట ఎవ్వరు లేరు” అన్నది. ముప్పై మంది నా మొహం చూశారు. వ్యానులో నా పక్కనే కూర్చుని దారి పొడుగునా కిటికీలోంచి చూసింది. నాలుగు రోజులుగా బియ్యం చెరుగుతూ అదే ఏడుపు రాగం తీస్తున్నది. “ఏమైందవ్వా” అంటే, “నీకు చెప్తే కాగితం అచ్చేస్తవ్ పో” అంటున్నది. మంగ్యా నన్ను చూస్తే షాపులో టీవీ చప్పుడు పెంచుతున్నాడు.

నిజం చెప్పండి. ‘మీరు’ అనడం మళ్లీ మొదలుపెట్టాను, గమనించగలరు. ఆ అమ్మాయి ఏమైంది? నాకు నిద్ర పట్టడం లేదు. సంఘం పరువు కోసం కాదు. ఆమె మా భాషలో అమ్మను పిలిచింది, నేను వెంటిలేటర్ కింద నిలబడి కూడా తీసుకురాలేకపోయాను.

జైపాల్

తా.క. ఐదు వందల కరపత్రాలు మీ గేటు దగ్గర మరిచిపోయాం. తిరిగి పంపగలరు.


జనగామ,
జూన్ 29

బిడ్డా జైపాల్‌కు, ఐలేశ్, వసంత ఇద్దరూ దీవించి రాయునది. అవును, ఇద్దరం. చదువుతుంటే నీకే తెలుస్తుంది.

మీ అవ్వ చెప్పొద్దన్నది. నీ ఉత్తరం చూసి వసంత నిన్న ఫోన్ చేసి అడిగితే, “రాయుండ్రి బిడ్డా. అచ్చేస్తే ఏసిండు” అని ఒప్పుకున్నది.

నా గదిలో ఒక్కటే కుర్చీ. అందులో ఇంతవరకు వసంతనూ కూర్చోనియ్యలేదు. మీ అవ్వ అడగకుండానే కూర్చున్నది. పాట పెట్టాను. మొదటిసారి కండ్లు మూసుకున్నది. రెండోసారి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. మూడోసారి దానితో పాటు తనూ ఎత్తుకున్నది. ఆ పిల్ల ఊపిరి తీసిన చోటే ఈమె ఊపిరి తీసింది. ఒక్క మాట ముందూ వెనకా కాలేదు.

అయిపోయాక, “బిడ్డా, గిది నేనే” అన్నది.

పెండ్లయిన పిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు తల్లిని, అన్నను పట్టుకుని రాగం తీసి ఏడ్చే ఏడుపట అది. ఢావ్లో అంటారట. పెద్దాడోళ్లు ముందు నుంచే నేర్పుతారట. నలభై ఎనిమిదేళ్ల కింద ఆమె పెండ్లికి పట్నం నుంచి ఒకాయన టేపు మిషన్, రెండు మైకులు పట్టుకుని వచ్చాడట. “మళ్ల వచ్చి ఇనిపిస్త అని పోయిండు. నలభై ఎనిమిదేండ్లకు నువ్వు ఇనిపిస్తివి” అన్నది. ఇది పెండ్లి ఏడుపని నీకు తెలియకపోవడం గురించి అడిగాను. “వాడు పెండ్లిళ్ల కాడ కాగితాలు పంచి పోతడు. పిల్లను సాగదోలే దాక ఎన్నడున్నడు?” అన్నది.

నేను ఎప్పుడూ ఆ పాటను చివరికి ముందే ఆపేసేవాణ్ని, వెనక మనుషుల గోల వస్తుందని. అవ్వ “ఆపకు” అన్నది. చివర ఇంకో ఆడగొంతు నాలుగు మాటలు చెప్పింది. వాళ్ల యాడీ గొంతట. ‘ఏడ్వకు, పొద్దుగూకక ముందే ఊరు చేరాలె’ అన్నదట. ఆమెది ఫోటో కూడా లేదట బిడ్డా. ఆ నాలుగు మాటలు పదకొండుసార్లు పెట్టాను. పెట్టె కొన్నందుకు మొదటిసారి వసంత నన్ను ఏమీ అనలేదు.

ఇక నువ్వు విన్న నవ్వు సంగతి. అవ్వ మొహం తుడుచుకుని ఎడమ స్పీకర్ దిక్కు చూసి, “బర్రె గీడెందుకున్నది?” అన్నది.

“ఏ బర్రె అవ్వా?”

“గుర్రుమంటలేదా? అది మా బర్రె. మిషన్ ముందట కూసున్నాయనకు కుడి దిక్కున కట్టేసుండె. ఎడమ దిక్కుకు ఎప్పుడొచ్చింది?”

పెట్టె వెనక వంగి చూశాను. కుడి తీగ ఎడమకు, ఎడమ తీగ కుడికి పెట్టి ఉన్నాయి. కొన్న రోజు నుంచీ అంతే. తొమ్మిది సార్లు తీగలు మార్చి, తొమ్మిది సార్లూ పాత తీగను చూసే కొత్తది పెట్టాను. ముప్పై నాలుగేళ్లు బాయిలో కరెంటు పని చేశానని ఎవరితోనూ అనకు. వసంత నవ్వి నవ్వి నేల మీద కూర్చున్నది. అట్ల కూర్చున్న మనిషి ఇంకా భూపాలపల్లికి పోలేదు. మిక్సీ మాత్రం నడుస్తున్నది.

ఆ అమ్మాయి ఏమైందని అడిగావు. నోటీసులో కోరినట్టే అప్పగించాను కదా. మీ వ్యానులో, నీ పక్క సీట్లోనే కూర్చుని తండాకు వచ్చింది. గుర్తుపట్టలేదని బాధపడకు. పదహారేళ్లప్పటి మీ అవ్వను నువ్వెక్కడ చూశావు కనక?

ఇట్లు,
ఐలేశ్, వసంత

తా.క. 1. వచ్చే నెల అవ్వ మళ్లీ వస్తున్నది. నిన్నూ లోపలికి రానిస్తానన్నది, నోరు మూసుకుని కూర్చుంటే. కుర్చీ ఆమెకే. మనిద్దరం నేల మీద.

తా.క. 2. కరపత్రాలు పంపలేను. ఐదు వందలూ వెంటిలేటర్‌లో కూరాను. చప్పుడు ఎంత బిగువుగా అయిందంటే, కుడి దిక్కున బర్రె నమిలేది కూడా వినపడుతున్నది. వసంత పొద్దున గడ్డి వేశావా అని అడిగింది.