మొదటి ఆదివారం వరుస

2025 ఫిబ్రవరి 2, ఆదివారం, మధ్యాహ్నం 3

మళ్ళీ వచ్చింది.

ప్రార్థన కూడిక మధ్యలో వచ్చింది. గంటా పది నిమిషాలు మాట్లాడాక ఎడమ వైపు, కింద, బరువు మొదలైంది. ఎవరో దారం కట్టి మెల్లగా కిందికి లాగుతున్నట్టు. ఆపరేషన్‌కు ముందు ఉన్నదీ ఇదే. పదిహేను నెలల్లో మరిచిపోయాననుకున్నాను.

గొంతు తగ్గించలేదు. తగ్గిస్తే ప్రసంగం అయిపోయిందనుకుని బాలరాజు కీబోర్డ్ మొదలుపెడతాడు. ఇంకో నలభై నిమిషాలు నరకం గురించి చెప్పాను. బాగా వచ్చింది.

తర్వాత మొదటి ఆదివారం వరుస. పిల్లలు లేని ఆడవాళ్ళు ముందుకొచ్చి మోకరిస్తారు. నేను ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తాను. ఈ నెల ఐదుగురు. బాలరాజు భార్య వర్షిణి మూడేళ్ళుగా వస్తోంది. అందరికంటే చివర, ఎప్పటిలాగే, నళిని. నా భార్య. ఎనిమిదేళ్ళలో ఒక్క నెల తప్పలేదు.

ఆమె తల మీద చెయ్యి పెట్టినప్పుడు నొప్పి ఇంకా ఉంది.

ఫిబ్రవరి 3, సోమవారం

రాసిపెట్టుకోవాలి. లేకపోతే నాకు నేనే ఇంకోలా చెప్పుకుంటాను.

దాని పేరు వేరికోసీల్. కొందరికి కాళ్ళలో నరాలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి. అదే జబ్బు, చోటు వేరు. వృషణం చుట్టూ నరాలు ఉబ్బుతాయి. అక్కడ వేడి పెరుగుతుంది, వీర్యకణాల కౌంట్ పడిపోతుంది. 2023 నవంబర్‌లో ఆపరేషన్ అయింది. సంఘంలో హెర్నియా అని చెప్పాను. హెర్నియా బరువులు మోసే మగవాడి జబ్బు. అడిగినవాళ్ళు తల ఊపుతారు, ఇంకేమీ అడగరు.

మూడు నెలల తర్వాత స్కాన్ తీస్తే నార్మల్. ఆ ఆదివారమే సాక్ష్యం చెప్పాను. దేవుడు నన్ను సంపూర్ణంగా బాగుచేశాడన్నాను. దేనినుంచి బాగుచేశాడో చెప్పలేదు. హాలంతా స్తోత్రం అన్నది.

నళిని రిపోర్టులు పెళ్ళైన రెండో ఏటి నుంచి అన్నీ నార్మల్. బీరువాలో పాత దుప్పట్ల కింద ఉన్నాయి. అక్కడ పెట్టింది నేను.

ఫిబ్రవరి 9, ఆదివారం

మైకు యాంప్ పెట్టె మా కూడికల హాలున్న మూడో అంతస్తుకు నేను మోయలేదు. నడుం పట్టిందన్నాను. ఇది రెండో అబద్ధం.

ఫిబ్రవరి 15, శనివారం

హొసకోటె నుంచి అమ్మ వచ్చింది. నాకు బాప్తిస్మంలో స్టాన్లీ అని పేరు పెట్టి పదహారేళ్ళయింది, ఆమె నోట్లో నేను ఇంకా మునిరాజునే. నా ప్రసంగం ఫోన్‌లో విన్నదట. అంత గట్టిగా అరుస్తావు గదప్పా, మీ దేవునికి చెవుడా అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. నవ్వకుండా ఉండాల్సింది, ఎందుకంటే అదే ఊపులో ఇంకో మాట అన్నది. నాకు ఐదుమంది పుట్టిండారు, మన వాళ్ళల్లో మొగోళ్ళకి లోపమనేదే లేదప్పా, ఆ పిల్ల కడుపులోనే ఏదో ఉండాది అన్నది. వంటింట్లో బీన్స్ తరిగే చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

నేను లేచి అమ్మ బస్సు టైం చూశాను. నిజం చెప్పాల్సింది నేనే.

అమ్మ బస్సెక్కాక నళిని చెప్పింది. మీ అమ్మ ఒక్కతే అంటే ఓర్చుకుంటా, నెలకొకసారి మీరూ అంటా ఉండారు, మైకులో. నేనేమన్నాను అని అడిగాను. మోకాళ్ళ మీద కూర్చోబెట్టేది అనడం కాదా అన్నది.

ఫిబ్రవరి 24, సోమవారం

ఫ్యాక్టరీలో మెషిన్ ముందు ఎనిమిది గంటలు నిలబడే పని. నాలుగో గంట నుంచి నొప్పి. ఇంటికొచ్చి పడుకుంటే పదిహేను నిమిషాల్లో పోతుంది. పోయాక అసలు రాలేదేమో అనిపిస్తుంది. ఈ జబ్బుకున్న మాయ అదే.

సాయంత్రం యూరాలజిస్ట్‌ను కలిశాను. పాత స్కాన్ తిరగేసి, పడుకోబెట్టి తీశారా, నిలబెట్టి తీశారా అని అడిగాడు. పడుకోబెట్టి. నిలబెట్టి తీయాలని చీటీ మీద రాసి, కింద రెండు గీతలు గీశాడు.

మార్చి 2, ఆదివారం

మొదటి ఆదివారం. ఆరుగురు.

వరుస ముందు ఎప్పుడూ చదివే వచనం చదివాను. చూడకుండానే వస్తుంది. ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చాను. నళిని కళ్ళు మూసుకోలేదు. తలెత్తి నన్నే చూస్తోంది. ఆమె గర్భాన్ని తెరవమని అడగాల్సిన చోట నా నోట మాట రాలేదు. బాలరాజు ఏమనుకున్నాడో కీబోర్డ్ గట్టిగా వాయించాడు.

ఇంటికొచ్చాక చెప్పింది, చీర మడత పెడుతూ. వచ్చే నెల నేను ముందుకి రాను. ఎందుకు రాలేదని అడిగితే నిజం చెప్తా. లేదంటే మీరే చెప్పుకోండి. నెల టైం ఉండాది.

గొంతులో కోపం లేదు.

మార్చి 11, మంగళవారం

స్కాన్. డాక్టర్ సమీనా. ఆడ డాక్టరని తెలిసి తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. లోపలి నుంచి, సార్, రోజుకి ముప్పై మందిని చూస్తా, మీది గుర్తుండదు, రండి అన్నది.

గోడకు ఆనుకుని నిలబడమన్నది. ఊపిరి బిగబట్టి ముక్కమన్నది. ముక్కాను. స్క్రీన్ మీద ఎరుపూ నీలమూ ఒక్కసారిగా నిండిపోయాయి. వదలమన్నది. వదిలాను. తగ్గాయి. మళ్ళీ ముక్కమన్నది.

ఉంది. మళ్ళీ వచ్చింది. కొందరికి ఆపరేషన్‌లో దొరకని సన్న నరం ఒకటి మిగులుతుందట, కొన్నాళ్ళకు అది ఉబ్బుతుందట. పడుకుంటే రక్తం వెనక్కి జారిపోతుంది, అందుకే పాత స్కాన్‌లో పడి ఉండదన్నది. ఆ స్కాన్ పట్టుకుని నేను సాక్ష్యం చెప్పాను.

ఏం పని చేస్తారని అడిగింది. మెషిన్ ఆపరేటర్, ఆదివారం వాక్యం చెబుతానన్నాను. గట్టిగానా అన్నది. గట్టిగానే. ఎంతసేపు? రెండు గంటలు, నిలబడి. ఇప్పుడు ముక్కారు కదా సార్, పొట్ట బిగించి అరిచినప్పుడూ అంతే, ప్రెషర్ కిందికే పోతుంది అన్నది. మైకు ఉండగా అరవడం ఎందుకు అని కూడా అడిగింది.



మార్చి 14, శుక్రవారం

కౌంట్ నాలుగు మిలియన్లు. కనీసం పదిహేను ఉండాలట. సన్న ట్యూబు పంపి ఆ నరాన్ని మూసేసే పద్ధతి ఒకటుంది, లేకపోతే మళ్ళీ ఆపరేషన్. గ్యారంటీ మాత్రం అడగొద్దన్నాడు డాక్టర్. అంత సూటిగా నేనెప్పుడూ ప్రసంగం చెప్పలేదు.

మార్చి 16, ఆదివారం

బలిపీఠం దగ్గరికి రాకూడని మగవాళ్ళ జాబితా ఒకటి గ్రంథంలో ఉంది. గుడ్డివాడు, కుంటివాడు, గూనివాడు. జాబితా చివర నాలాంటివాడు, వృషణాలు చెడినవాడు. ఆ అధ్యాయం మీద నేను మూడు వారాలు మాట్లాడాను. చివరి మాట దగ్గర గొంతు తగ్గించి పేజీ తిప్పేశాను. ఆడవాళ్ళు ఉన్నారు కదా అనుకున్నాను. ఆడవాళ్ళ గర్భసంచి గురించి మాత్రం మైకులో పేరుపెట్టి మాట్లాడతాను.

మార్చి 23, ఆదివారం, ఉదయం 5

నేను చదివింది కన్నడ మీడియం, ఎనిమిది దాకా. తెలుగు అక్షరాలు ఈ గ్రంథంలోనే నేర్చుకున్నాను, ఇరవై ఏళ్ళప్పుడు, ఎవరూ నేర్పకుండా. నచ్చిన వచనాల కింద స్కేలు పెట్టి ఎర్ర పెన్సిల్‌తో గీసేవాడిని.

ఈ రోజు వరుస ముందు చదివే వచనం తీశాను. కంఠతా వచ్చినవాడు పుస్తకం తెరవడు. ఎన్నేళ్ళయిందో నేను ఆ పేజీ చూసి.

గీత వచనం మధ్య నుంచి మొదలైంది. గీత ఉన్న చోట ఆడదాని గొడ్డుతనం ఉండదన్న మాట. దానికి ముందు, గీత లేని చోట, మగవాడిది. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. మగవాడే ముందు ఉన్నాడు.

ఎనిమిదేళ్ళు. నెలకొకసారి. వందసార్లకు దగ్గరగా సగం నుంచి చదివాను. విని ఆడవాళ్ళు లేచి వచ్చారు. మగవాళ్ళు కుర్చీల్లో కూర్చుని, ప్రార్థన అయ్యేదాకా చెప్పులు చూసుకున్నారు.

గీత నాదే. ఎవరి మీదా వేయలేను.

మార్చి 24, సోమవారం

నళినికి పేజీ చూపించాను. నాకు తెలుసు అన్నది. ఎప్పటి నుంచి? మూడేళ్ళ నుంచి. ఎందుకు చెప్పలేదన్నాను. వాక్యం చెప్పేవాళ్ళకి వాక్యం ఎవరు చెప్తారు అన్నది.

ఏప్రిల్ 5, శనివారం

రేపు మొదటి ఆదివారం. నళిని రేపటికి చీర ఇస్త్రీ చేసుకుంది. వస్తుంది. ముందుకు రాదు.

ఏప్రిల్ 6, ఆదివారం, మధ్యాహ్నం 2

కుర్చీ వేయించుకుని కూర్చుని మాట్లాడాను. అరగంట. అరవలేదు. వెనక ఎవరో మైకు పాడైందా అని బాలరాజును అడిగారట.

వచనం మొత్తం చదివాను. మొదటి మాట నుంచి. పిల్లలు లేని మగవాళ్ళు ముందుకు రండి అన్నాను. ఎవరూ కదల్లేదు. ఎవరో నవ్వును దగ్గులోకి తిప్పారు. బాలరాజు ఒకే మెట్టు నొక్కి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆడవాళ్ళు ఐదుగురు అప్పటికే మోకరించి ఉన్నారు. నళిని తన కుర్చీలోనే ఉంది.

చెప్పాను. హెర్నియా కాదన్నాను. జబ్బు పేరు చెప్పాను, చోటు చెప్పాను. నళినిలో ఏ లోపమూ లేదన్నాను, ఎనిమిదేళ్ళు నా జబ్బుకు ఆమెను మోకరింపజేశానన్నాను. సాక్ష్యం చెప్పాను కదా, జబ్బు మళ్ళీ వచ్చిందన్నాను. పది వాక్యాలు కూడా లేవు. ఇంత చిన్నదాన్ని పదిహేడు నెలలు మోశాను.

తర్వాత మైకు కింద పెట్టి ఆడవాళ్ళ వరుస చివర మోకరించాను, నళిని ఎప్పుడూ ఉండే చోట. గచ్చు చల్లగా ఉంది, గరుకుగా ఉంది. ఆ గచ్చు మీద మోకాళ్ళు ఎంత నొప్పి పుడతాయో నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

ఒకటి తోచలేదు ముందు. చెయ్యి పెట్టి ప్రార్థించేవాడిని నేనే. నేను మోకరిస్తే ఇంకెవరు? అందరూ చూస్తున్నారు, ఎవరూ లేవడంలేదు. అప్పుడు కుర్చీ జరిగిన చప్పుడు. నళిని. తల మీద చెయ్యి పెట్టింది. దేవా, ఈయనకి ఏముండాదో నీకు తెలుసు, ఇప్పుడు వీళ్ళకీ తెలుసు, ఇంక దాచేది లేదు, ఆమెన్ అన్నది. అంతే. మిగతా ఐదుగురికీ ఆమే ప్రార్థించింది. అవీ అంత చిన్నవే.

సంఘ పెద్ద ఓబులేసు మెట్ల దగ్గర నా భుజం తట్టి, కొన్నాళ్ళు రెస్ట్ తీసుకో తమ్ముడూ, వాక్యం మేము చూసుకుంటాం అన్నాడు. ఎన్నాళ్ళో చెప్పలేదు. సగం మంది చెయ్యి కలపకుండా దిగిపోయారు. బాలరాజు యాంప్ పెట్టె ఎత్తుకుని, వర్షిణి వెంట రాగా, నావైపు చూడకుండా కిందికి వెళ్ళాడు.

నళిని దారిలో మల్లెపూలు కొనుక్కుంది.

ఏప్రిల్ 8, మంగళవారం, ఉదయం 6:40

చందాపుర సర్కిల్‌లో కంపెనీ బస్సు కోసం నిలబడి ఉంటే బాలరాజు ఫోన్ చేశాడు. అన్నా, ఆ స్కాన్ ఎట్ల తీసేది అని అడిగాడు.

నిలబెట్టి తీయమని చెప్పు అన్నాను.