నాలుగో కౌన్సిల్

నేవన్,
ఆదివారం

అన్నయ్యకు, వదినకు నమస్కారాలు.

మీ బీపీ అదుపులో ఉందనీ, వదిన మోకాళ్ళ నొప్పి తగ్గిందనీ తలుస్తాను. మేము ముగ్గురమూ క్షేమమే. వాన మాత్రం వారం నుంచి విడవలేదు. గోంగూర పచ్చడి సీసా అడుగంటింది, ఇటు వచ్చేవారెవరైనా ఉంటే పంపండి. క్షేమమే, బెంగపడకండి. మనసే బాగాలేదు. మీరు వకీలు కనుక మీకే చెప్పుకుంటున్నాను.

పక్కింటి నోరాగారి గురించి లోగడ రాశాను. భర్త లేరు. ఎదిగిన కొడుకు మైకేల్ పుట్టుక నుంచీ మంచానికే పరిమితం. "నేను పోయాక వీణ్ణి ఎవరు చూస్తారు?" అన్న ప్రశ్నను దేశమంతటి ముందూ అడగాలని ఆవిడ ఈసారి అధ్యక్ష పదవికి నిలబడదలచారు. "పేరులోనే నోరుంది, గెలుస్తారు" అని మీ బావగారు వేళాకోళమాడేవారు.

మన దగ్గర టికెట్టు కోసం పార్టీ పెద్దల గుమ్మం తొక్కుతారు. ఇక్కడ పార్టీ అండ లేనివారు జిల్లా జిల్లా తిరగాలి. మన జిల్లా పరిషత్తుల్లాంటి కౌన్సిళ్ళు నాలుగు ప్రతిపాదిస్తేనే బ్యాలెట్ మీద పేరుంటుంది. ఒక్కో కౌన్సిల్ ఒక్కరినే ప్రతిపాదించగలదు కనుక ఆశావహులందరూ అవే గుమ్మాల ముందు నిలబడతారు. నోరాగారికి మూడు దక్కాయి. గడువులోగా సమావేశమయ్యేది ఇక ఒక్కటే మిగిలింది.

అక్కడి సభ్యుడొకాయన ఆవిడ ఫోను ఎత్తడం లేదు. "ఆయన్ను ఎరిగినవాళ్ళు నీకు ఎవరైనా తెలుసా, లవ్? ఒక్కరైనా?" అని, ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం ముద్దుగా పిలుస్తూ, మా వంటింట్లో నిలబడి అడిగారు. తెలియదన్నాను. ఆయన మూత్రపిండాల జబ్బుతో నా వార్డులోనే ఉన్నాడు.

ఇంటికి పంపేరోజు ఆయనే కదిపాడు. "నోరా మీ పక్కింటావిడేనట కదా, డాక్టర్?"

"అవునండీ."

"మొండి మనిషి. నన్నేమైనా అడగాలనుందా మీకు?"

ఆయన రక్తపరీక్షల ఫలితాలు నా చేతిలో ఉన్నాయి. మంచం మీది మనిషి వైద్యురాలికి కాదని ఎలా చెప్పగలడు? "మందులు వేళకు వేసుకోండి. అంతే" అన్నాను.

"గ్రాండ్" అని, సరేననడానికి ఇక్కడివాళ్ళు వాడే మాటతో ముగించి కోటు తొడుక్కున్నాడు.

సమావేశంలో ఓట్లు సరిసమానమయ్యాయి. సభాధ్యక్షుడి నిర్ణాయక ఓటు వ్యతిరేకంగా పడింది. నా వార్డులో ఉండి వెళ్ళినాయన అసలు చెయ్యే ఎత్తలేదు. బయట నోరాగారు నిలదీస్తే, "ముఖం చూసి అడిగితేనే నేను ఓటేస్తాను. నన్నెవరూ అడగలేదు" అన్నాడట.

"నోరా ఈజ్ అవుట్, ఈజ్ షీ? దట్స్ నాట్ ఫెయిర్, లైక్" అని మా అమ్మాయి ఏడుస్తూ పడుకుంది.

నిన్న సాయంత్రం వెళ్ళాను. నోరాగారు మైకేల్ గడ్డం తుడుస్తూ, "ఒక్కరంటే ఒక్కరు వెళ్ళి అడిగి ఉంటే" అన్నారు. నేను దుప్పటి సర్దుతున్నాను. రోగి సంగతి బయటపెట్టకూడదు, ఆవిడకు ఏనాటికీ చెప్పలేను. మీకైనా పేరు రాయలేదు, ఇది చదివి చింపేయండి.

నేను చేసింది సరైనదేనని నా చదువు చెబుతోంది. మీ న్యాయశాస్త్రమూ అదే చెబుతుందని తెలుసు. మరి మైకేల్ మంచం పక్కన నిలబడలేకపోతున్నానెందుకు?

పెద్దలందరికీ నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. దేవుడి ముందు దీపం పెట్టినప్పుడు నా పేరు చెప్పకపోయినా ఫరవాలేదు. మైకేల్ పేరు చెప్పమని వదినతో అనండి.

మీ చెల్లెలు,
సుభద్ర