పాతరలోకి దించిన దీపం

చెల్లె,

ఈ రోజు మళ్ళీ పాతర తెరిచాం. గాదెలో ఉన్నదంతా లెవీ ధాన్యం వసూలుకొచ్చిన సర్కారువాళ్ళు ఊడ్చుకుపోయారు. కరువుకని నేలలో తవ్విన ఆ గోతిలో దాచిన జొన్నలే ఇక దిక్కు.

పోయినసారి దీపం దించి చూద్దామని నువ్వే అన్నావు. లోపల చెడ్డ గాలి ఉంటే దీపం ఆరిపోతుందని మీ నాయిన చెప్పాడట. "ఆముదం దండుగ. దిగు, ఏం గాదు" అంది మన అత్త. నీ నడుముకు తాడు కట్టింది నేనే. పైకి లాగేసరికి నీలో ప్రాణం లేదు. నువ్వు పోయిన చోట పదకొండు రోజులు దీపం వెలిగించాం, అదే ఆముదంతో. ఆ జొన్నలే తిని మేమంతా బతికాం.

నీ మొగుడు, నా మరిది, మళ్ళీ పెళ్లి చేసుకున్నాడు. "పిల్ల సన్నగుంది, పాతర మూతిల దూరుతది" అని అత్తే ఏరి తెచ్చింది. ఈ రోజు ఆ పిల్లకు తాడు కట్టమంది. నేను కట్టలేదు. ప్రమిద నిండా ఆముదం పోసి, వెలిగించి, ముందు ఆ దీపాన్ని దించాను. సగం లోతుకే ఆరిపోయింది. ఆ పిల్ల పాతర మూతి దగ్గర్నుంచి వెనక్కి జరిగి గోడకు ఒరిగింది.

అత్త వంగి చూసింది.

"ప్రమిద పైకి గుంజు. మిగిలిన ఆముదం సీసల పొయ్" అంది.