మైకు నా చేతిలోనే ఉంది

ఆగిరిపల్లి మండలం,
మార్చి 17.

చి. ల. సౌ. శ్రీహితకు,

ఇక్కడ నేనూ, అమ్మా, మన పాపా కులాసా. హైదరాబాదు హాస్టల్లో నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి గురించి అడిగావు. తగ్గింది, మళ్లీ డాబా మెట్లెక్కుతోంది. మామిడి పూత బాగానే నిలిచింది, బఠాణీ గింజంత పిందెలు పడ్డాయి.

ఇక నీ పరిశోధన సంగతి. నువ్వు చదివే ఆ భవిష్యత్తు నవలల్లో పాలకులు ఆటలూ పాటలూ చూపించి జనం నోరు మూయిస్తారనీ, అది నమ్మేలా ఉందా అనీ అడిగావు. నమ్మేలా లేదు. వాటిలో జనాన్ని సైనికులు స్టేడియంలోకి తోలతారని రాశావు కదా. మన ఊళ్లో ఎవరూ తోలలేదు. ఎండెక్కకముందే జనమే వచ్చి, నీడ ఎక్కడుందో చూసుకుని మరీ కూర్చున్నారు.

కొండ పక్కన లక్ష్మీనరసింహారావు రాళ్ల క్రషర్ పెడతానంటున్నాడని నీకు తెలుసు. దుమ్ము పూత మీద పడితే కాయ నిలవదు. తోటలు పోతే కూలి పనులూ పోతాయి. అభ్యంతరాలు చెప్పుకోమని అధికారులు రెండో శనివారం ఉదయం పదింటికి స్కూల్లో సభ పెట్టారు. ఆ పెద్దమనిషి అదే రోజు, అదే పదింటికి, ఊరవతల బీడులో క్రికెట్ ఫైనల్ పెట్టాడు. గెలిచిన జట్టుకి బైకు, మధ్యలో టీవీ డాన్సర్లు, వచ్చిన ప్రతివాడికీ బిర్యానీ పొట్లం. ఊరంతా అక్కడే. తమ నోట్లో దుమ్ము కొట్టబోయేవాడి పేరున్న టోపీలు నెత్తిన పెట్టుకుని, సిక్స్ పడితే ఈలలు వేశారు. సిగ్గుమాలిన జనం! పొట్లంలో ముక్క తక్కువైందని మాత్రం ఇద్దరు కలబడ్డారు. ఆ పౌరుషం స్కూలు దాకా పోలేదు.

ఇంతవరకూ రాసి కలం పక్కన పెట్టేశాను. వాళ్లని తిట్టడం తేలిక. ఫోనులో చెప్పలేకే ఈ ఉత్తరం. ఆ రోజు కామెంటరీ చెప్పింది నేనే.

శుక్రవారం లక్ష్మీనరసింహారావు మనింటికి వచ్చాడు. "మాస్టారూ, మీ గొంతు లేకపోతే ఆటే లేదండీ. ఒంటిగంట దాకా జనాన్ని కదలనివ్వకండి, చాలు," అన్నాడు. ఎందుకో నాకు తెలుసు. అయినా సరేనన్నాను. పైసా తీసుకోలేదు. నా ఫొటోతో బస్టాపులో ఫ్లెక్సీ కట్టించాడు, కింద 'వ్యాఖ్యాన కేసరి' అని వేయించాడు. ఇరవయ్యేళ్లుగా పిల్లల చేత డ్రిల్లు చేయిస్తున్నవాణ్ణి, దానికి పడిపోయాను.

సభ మొదలైన గంటకి, మన పక్క తోటలో కాపలా ఉండే సలోమోను చెమటలు కక్కుతూ స్టేజీ దగ్గరికి వచ్చాడు.

"మాస్టారండీ, స్కూల్లో నేనొక్కణ్ణే ఉన్నానండి. ఒక్క మాట మైకులో చెప్పండి, జనం వస్తారు."

లక్ష్మీనరసింహారావు నా వంక చూశాడు. నేను మైకు నోటి దగ్గర పెట్టుకుని, "చూడండి, సలోమోను గారు కూడా తోట వదిలేసి మ్యాచ్‌కి వచ్చేశారు! గట్టిగా చప్పట్లు!" అన్నాను. అందరూ నవ్వుతూ కొట్టారు. అతను వెనక్కి తిరిగి స్కూలు వైపు వెళ్లిపోయాడు. సభలో ఒక్కడే మాట్లాడాడట. "అంటే మిగతా ఊరికి అభ్యంతరం లేదన్నమాట," అని వచ్చిన అధికారి రాసుకున్నాడట.

ఆదివారం సలోమోను ఇంటికి వెళ్లాను. అభ్యంతరాలు రాసి పంపడానికి ఇంకా గడువుంది, అర్జీ నేను రాస్తానన్నాను. కూర్చోమనలేదు.

"రాయండి మాస్టారూ. ముందు నేను ఆట చూడ్డానికి రాలేదని చెప్పండి. మైకులోనే చెప్పండి."

నిన్న సాయంత్రం ఆటోకి మైకు కట్టించుకుని వీధి వీధీ తిరిగి చెప్పాను. నేను చేసింది కూడా చెప్పాను. అరుగుల మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. "మళ్లీ మ్యాచ్ ఎప్పుడు మాస్టారూ?" అని ఒకడు అరిచాడు. ఊరు మొత్తం మీద పదకొండు మంది అర్జీలో సంతకం పెట్టారు. పన్నెండోది నాది. సలోమోను కాగితం తీసుకుని, నా పేరు మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇట్లు,
జవాబు రాస్తావో లేదో తెలియని
నీ భర్త,
దత్తాత్రేయ