చిన్నాయన పంపిన బోరు కేబుల్

రాయదుర్గం

చి. పద్మప్రియకు చిన్నాయన శ్రీరంగప్ప ఆశీస్సులు.

ఫోన్‌లో సగం ఇంగ్లీషే మాట్లాడతావు, అందుకే ఉత్తరం రాస్తాండా. ల్యాబులో కేబుళ్లకు కరెంటు పెంచుకుంటా పోయి, అవి చేతులెత్తేసే దాకా వదలవంట. ఈడ ఒక్క బోరు కేబుల్ కాలితే ఇంట్లో అన్నం సయించదు. నీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. రోజూ చెడగొడితే ఎవరుంచుకుంటారమ్మా? పైపైన చూసి బాగుందని రాసెయ్.

నీ మేలు కోరే
శ్రీరంగప్ప

తా.క. బోరులోకి మోటారు దింపేటప్పుడు మేము కేబుల్‌కు నిమ్మకాయ కడతాము. నువ్వు కట్టినావా?

*

చిన్నాయనకు నమస్కారాలు.

చెడగొట్టడమే నా ఉద్యోగం. సూర్యుడిలో ఉండేలాంటి మంటను ఇక్కడ పుట్టించి కరెంటు తీయాలని చూస్తున్నారు. ఆ మంటను ఏ గోడా ఆపలేదు, అయస్కాంతాలే పట్టి ఉంచాలి. వాటికి చుట్టే కేబుల్‌ను మంచుగడ్డ కూడా వేడి అనిపించేంతగా చల్లబెడితే, కరెంటు కొంచెం కూడా వృథా కాదు. అది ఎంతవరకు ఓర్చుకుంటుందో ఒక ముక్క కోసి చూస్తాము. నువ్వు శనక్కాయ విత్తే ముందు గుప్పెడు గింజలు తడిగోనెలో కట్టి మొలక చూడవా? ఆ గింజలు పోతాయి, చేను నిలుస్తుంది. వచ్చే వారం నేను సొంతంగా చేసే మొదటి పరీక్ష. పర్మనెంటు దాన్నిబట్టే.

మీ పద్మప్రియ

తా.క. నిమ్మకాయ ఆ చలికి రాయైపోతుంది.

*

చి. పద్మప్రియకు,

మొలక మాట బాగా అర్థమైంది. కానీ నీ ఉత్తరం రాకముందే మీ ఆఫీసరుకు రాసేసినా. "పిల్ల మంచిది, చెయ్యి కొంచెం దురుసు. మన్నించండి. మా పాత బోరు కేబుల్ పంపుతాండా, పాడైనా పర్వాలేదు, దీనిమీద నేర్పించండి" అని. కేబుల్ చుట్ట కూడా బస్సులో వేసినా.

చిన్నాయన

తా.క. నిమ్మకాయ దానికే కట్టినా.

*

చిన్నాయనకు,

సారు నీ ఉత్తరం అందరి ముందూ చదివారు. నేను తల ఎత్తలేదు. అయినా మా కేబుల్ అనుకున్నదానికంటే ఎక్కువ ఓర్చుకుంది, ఎక్కడ ఓడిందో పక్కాగా పట్టుకున్నాను. నేను పర్మనెంటు. ఆ సంబరంలో సారు నీ కేబుల్‌నూ చుట్టకు చుట్ట ఆ చలిలో ముంచారు. పై తొడుగు గాజులా పగిలిపోయింది. పాతదే కదా, ఏమీ అనుకోవద్దు.

మీ పద్మప్రియ

తా.క. నిమ్మకాయ సారు బల్ల మీద ఉంది. ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు.

*

చి. పద్మప్రియకు,

పర్మనెంటు మాట చదివి వీధంతా బెల్లం పంచినా. "సూర్యుడికి పగ్గం వేస్తాండారంట, ఆ పగ్గం లాగి చూసేది మన పిల్లే" అని పక్క చేను ఇమాంసాబ్ కనపడినోళ్లకంతా చెప్తాండాడు. ఎండకే భయపడే ఊళ్లో పుట్టి, నువ్వు సూర్యుడి మంటనే పట్టే పని చేస్తాండావు. నాకు శానా గర్వంగా ఉండాది తల్లీ.

ఒక్క మాట. ఆ కేబుల్ పాతది కాదు. పాతది పంపితే నీకు తలవంపులని, మా బోరులోని మంచిదే పీకి పంపినా. ఇప్పుడు చేనుకు ఇమాంసాబే నీళ్లు ఇస్తాండాడు.

నీ చిన్నాయన

తా.క. ముక్క కోసి చూస్తామని రాసినావే, మరి మీ సారు చుట్టంతా ఎందుకు ముంచినాడు? గుప్పెడు గింజలతో మొలక చూడమంటే విత్తనమంతా నానబెట్టినట్టు ఉండాది. నువ్వే కొంచెం నేర్పించు.